తొంభై తొమ్మిది రోజుల గాయం

పిన్నీ,

ఎలా ఉన్నావని అడిగే మొహం నాకు లేదు. ఈ ఉత్తరం చివరిదాకా చదివి అప్పుడు తిట్టు, మధ్యలో మాత్రం చించెయ్యకు.

మూడేళ్ళ కిందట నీ వార్డు మీద నేను చేసిన పరిశోధన తప్పు. ఆపరేషనైన రెండో రోజే కట్టు విప్పి, కడిగి, గాయాన్ని గాలికి వదిలేసే నీ పద్ధతిలో మానడానికి సగటున ఇరవై నాలుగు రోజులు పడుతోందని రాశాను. కట్టు ఉంచే అవతలి వార్డులో పదిహేనేనన్నాను. ఆ కాగితం చూసే నీ పద్ధతి ఆపేశారు. ముప్పై ఏళ్ళు రోగుల మధ్య తిరిగిన నర్సువి, నిన్ను తీసుకెళ్ళి రికార్డుల గదిలో కూర్చోబెట్టారు. "నీ చదువు చెప్పింది నువ్వు రాశావు, ఏం చేస్తాం లేవే" అన్నావు. అంతకంటే రెండు చెంపలూ వాయించినా బాగుండేది.

లెక్కలంటే నాకెంత హడలో నీకు తెలుసు. పరీక్ష రోజున నేను కడుపునొప్పి నటిస్తే, నుదురు పట్టుకు చూసి, "పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉందక్కా" అని అమ్మకు అబద్ధం చెప్పింది నువ్వే కదా! ఆ హడలు పెద్దయ్యాకా పోలేదు. అంకెల పట్టిక తెరిచిన వెంటనే మూసేసేదాన్ని. అందుకే రెండు వార్డుల నూట ఇరవై మంది వివరాలూ గణాంకాలు కట్టే లెక్కలాయనకు అప్పజెప్పి, "నాకేం వివరించకండి, ఫలితం చెప్పండి చాలు" అన్నాను.

తిరిగి చూపించుకోవడానికి రానివాళ్ళకు, గాయం ఎన్ని రోజుల్లో మానిందో రాసే గడిలో 99 వేసేవాళ్ళం, గుర్తుందా? గడి ఖాళీగా ఉండకూడదని మన అలవాటు. ఆయన ఫోన్ చేసి అడిగాడు పిన్నీ. "ఈ తొంభై తొమ్మిదులు నిజంగా రోజులేనా అమ్మా? ఉంచాలా, తీసెయ్యాలా?" అని. ఉంచితే ఏమవుతుందో, తీసేస్తే ఏమవుతుందో నాకు అర్థం కాలేదు. తెలియదంటే నవ్వుతాడని, "అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ, కానిచ్చేయండి" అన్నాను. నేను చేసిన పాపం ఇదే. ఇంతకాలం లెక్కలాయన పొరపాటని నన్ను నేను నమ్మించుకుందామనుకున్నాను, కుదరలేదు.

కొత్త పరిశోధనకు నాకు గైడుగా ఉన్న మేడమ్ మొండికేసింది, లెక్కలు నేనే చేస్తే తప్ప సంతకం పెట్టనంది. నలభై రెండేళ్ళ వయసులో కుర్రకారు పక్కన కూర్చుని గణాంకాలు నేర్చుకున్నాను. మొదటి వారం ఏడ్చాను కూడా. "ముందు అతి చిన్న అంకె, అతి పెద్ద అంకె చూడండి, తర్వాతే సగటు" అన్నారు పాఠం చెప్పేవాళ్ళు. ఇంతేనా, ఇంత మాత్రానికా నేను వణికింది అనిపించింది! ఇంటికొచ్చి మన పాత కాగితాలు తీశాను. తిరిగొచ్చి చూపించుకున్నవాళ్ళలో పంతొమ్మిది రోజులు దాటిన గాయం ఒక్కటీ లేదు. మరి సగటు ఇరవై నాలుగు ఎలా వస్తుంది? నీ వార్డులో తొమ్మిది మంది, అవతల ఇద్దరు రాలేదు. వాళ్ళ 99లను రోజులుగా కలిపేశాం; అవి తీసేస్తే నీ వార్డు సగటు పదకొండు రోజులు, అవతలి వార్డుది పన్నెండు. పెద్ద తేడా ఏమీ లేదు.

పెద్ద డాక్టరుగారికి తప్పు ఒప్పుకుంటూ కాగితం రాశాను. రేపు ఇస్తాను. నా ఉద్యోగం సంగతి ఏమైనా కానీ, నీ మూడేళ్ళు మాత్రం నేను తెచ్చివ్వలేను.

క్షమించమని అడగడానికి కూడా నోరు రాని,
నీ గువ్వ

*

ఒసేయ్ గువ్వా,

కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. బోలెడుంది. ఒకసారి చదివి, రెండు రోజులు నీ ఉత్తరం మళ్ళీ ముట్టుకోలేదు. తప్పు చేసినందుకు కాదే, ఆయన అడిగినప్పుడు నన్నొక్కమాట అడగనందుకు. చిన్నప్పుడు ఆ దొంగ జ్వరాలు నేను వెనకేసుకు రాకుండా ఉండాల్సింది.

మూడో రోజు లేచి ఒక పని చేశాను. రికార్డుల గదిలోనే ఉన్నాను కదా, రానివాళ్ళ ఫోన్ నంబర్లన్నీ నా బల్ల మీదే ఉన్నాయి. నా వార్డు తొమ్మిది మందికీ చేశాను. ఆరుగురికి పది రోజుల్లోపే మానిపోయిందట. "తగ్గిపోయాక ఆసుపత్రికి ఎందుకొస్తామమ్మా?" అని నన్నే ఎదురడిగారు. ఇద్దరికి చీముపట్టి వేరేచోట చూపించుకున్నారట. పాపం, ఒకామె నెల రోజులు మంచం దిగలేదు. ఆ రోజులన్నీ ఆమె పేరు పక్కన రాసిపెట్టాను. వాళ్ళనీ రాయి. నా పద్ధతి కదా అని దాచకు.

అవతలి వార్డు ఇద్దరికీ నువ్వే ఫోన్ చెయ్యి. ఆదివారం కాగితాలు పట్టుకురా, నేను చదువుతాను, నువ్వు లెక్క కట్టు.

తొమ్మిదో మనిషి ఫోనెత్తలేదు. ఆ గడిలో మళ్ళీ 99 వెయ్యకు. "తెలియదు" అని రాయి. సిగ్గుపడకుండా రాయి.

పిన్ని