వెండి కోటులో ఉన్నదెవరు?

చిట్టితల్లికి, ఆనందం పట్టలేని నాన్న రాసేది.

నీ ఉత్తరం చదివి కత్తెర ఎక్కడ పెట్టానో మర్చిపోయాను తల్లీ! ఆ కరెంటు పెట్టెల సంగీతానికి అంత పెద్ద హాల్లో కచేరీయా! స్టేజీ మీదికి వెండి రంగు కోటు కావాలన్నావు. నా కూతురు కోటు నేను కాక ఇంకెవడు కుడతాడు? పార్శిల్ చేశాను. వీధిలో అందరికీ చెప్పేశాను కూడా. ఇస్త్రీ ఆయనకి రెండోసారి చెప్పాల్సొచ్చింది, మొదటిసారి సరిగ్గా ఆశ్చర్యపోలేదని.

మోకాలి వైద్యానికని మీ అమ్మ నీ దగ్గరికొచ్చి ఇన్నాళ్లైంది, ఒక్క ముక్క రాయదేం?

నీ నాన్న

తా.క.: నువ్వు పంపిన కొలతలు చూసి నవ్వాపుకోలేకపోయాను. ఆ నడుమేమిటి తల్లీ! దర్జీ కూతురివై ఉండి టేపు పట్టుకోవడం రాదా? వాటిని అవతల పడేసి, నా చేతికి గుర్తున్న నీ కొలతలతోనే కుట్టాను.

* * *

నాన్నకి, చిట్టి దండాలు.

కోటు అందింది, మెరిసిపోతోంది. కానీ ఆ కొలతలు నేను సరిగ్గానే పంపాను నాన్నా. సరే, ఎలాగో సర్దుకుంటాం.

టికెట్టు ఇందులోనే పెట్టాను. ముందే చెబుతున్నా, స్టేజీ మీద మొహం కనబడదు, అద్దాల హెల్మెట్ ఉంటుంది. ఈ సంగీతంలో పెద్దవాళ్లు కొందరు అలాగే మొహం దాచుకుని వాయించారు, జనం మొహాన్ని కాదు, చప్పుడుని వినాలని. కొందరైతే రైలు చప్పుడూ ఫ్యాక్టరీ చప్పుడూ పట్టుకుని పాటలు కట్టి లోకాన్నే గెంతించారు. మనమూ అదే దారి. నచ్చితే హాలు వాళ్లు ఏడాదంతా పిలుస్తామన్నారు. కానీ మొహం బయటపడిందా, అంతా పోయినట్టే. ఇక ఎవరికీ చెప్పకు.

చిట్టి

తా.క.: అమ్మ మోకాలు బాగుంది. మరీ బాగుంది.

* * *

చిట్టితల్లికి, సంతోషంలోనే అనుమానంతో నాన్న రాసేది.

ఏం కచేరీ! ఏం వెలుగులు! పాడేవాళ్లు లేరు, డప్పు లేదు. ఒక్క మీట తిప్పితే బిందె నిండుతున్నట్టు చప్పుడు పెరిగి పెరిగి ఠక్కున ఆగింది. నా గుండె కూడా ఆగింది. తర్వాత ధబ్‌మని పడింది చూడు దరువు, హాలంతా గాల్లో ఉంది! నేనూ గెంతాను. ఎగిరిపోయిన నా కళ్లజోడు పక్కనున్న పచ్చజుట్టు అమ్మాయి పట్టుకుంది. ఆ దరువు ఎక్కడో విన్నట్టే ఉంది.

కానీ తల్లీ, కోటు చూశాను. నీకు వదులుగా ఉండాల్సింది వీపు దగ్గర పగిలేలా ఉంది. కింది బొత్తాం పెట్టనే లేదు. ఆ ఒడ్డూ పొడుగూ నా చేతికి తెలిసినవి కావు. కోటు నీది, మనిషి నువ్వు కాదు!

స్టేజీ వెనక తలుపు దగ్గరికి పరిగెత్తితే కాపలా గడ్డపాయనొకడు అడ్డం నిలబడ్డాడు. "హెల్మెట్ పెట్టుకున్నావిడ తండ్రినయ్యా!" అన్నాను. నన్ను పైనుంచి కింద దాకా చూసి పడీపడీ నవ్వాడు. ఎందుకు నవ్వాడు?

నీ నాన్న

తా.క.: ఆ దొంగమనిషి ఎలా గెంతిందనుకున్నావ్! మీ అమ్మకి చెప్పు, మోకాళ్లంటే అలా ఉండాలని.

* * *

నాన్నకి, చిట్టి దండాలు.

నేను లావయ్యాను. అంతే. అనవసరంగా ఊహించుకోకు. రెండో కచేరీకి రావద్దు, ప్రయాణం నీ ఒంటికి పడదు. ముఖ్యంగా స్టేజీ దగ్గరికి రావద్దు. అక్కడ నువ్వేమైనా గొడవ చేస్తే ఆవిడ మళ్లీ జన్మలో స్టేజీ ఎక్కదు.

చిట్టి

తా.క.: నీ మోకాళ్ల మాట చదివి అమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

* * *

చిట్టితల్లికి, నిద్ర పట్టని నాన్న రాసేది.

"ఆవిడ" ఎవరు? దొరికిపోయావు! లావయ్యానన్నావు, కవర్లో పడి వచ్చిన ఫొటోలో మాత్రం అగరువత్తిలా ఉన్నావు. నాకంతా అర్థమైంది. నా బంగారుతల్లి కట్టిన పాటలు ఎవత్తో కొట్టేసి, నా కోటు తొడుక్కుని, చప్పట్లు తనే తింటోంది. గడ్డపాయన కూడా అందులో మనిషే. నిన్ను బెదిరించి నోరు నొక్కేశారు. భయపడకు! రెండో కచేరీకి టికెట్టు కొన్నాను. నడి కచేరీలో స్టేజీ ఎక్కి, అందరి ముందూ ఆ హెల్మెట్ పీకేస్తాను.

నీ నాన్న

తా.క.: మీ అమ్మకి చెప్పకు, కంగారుపడుతుంది.

* * *

మా ఇంటి మహారాణికి, నీ దర్జీ మొగుడు చేతులు కట్టుకుని రాసేది.

నిన్న స్టేజీ మెట్ల మీద, నీకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడ్డాను. ఇంకొక్క మెట్టు ఎక్కుంటే హెల్మెట్ నా చేతిలో ఉండేది. ఇంతలో ఆ కరెంటు పెట్టె మూగబోయింది. హాలు హాలంతా గప్‌చుప్. నువ్వు అరచేత్తో దాని నెత్తిన ఒక్కటిచ్చి, "నీ దుంప తెగ, ఇప్పుడే మొరాయించాలా!" అన్నావు. మైకులో ఆ మాట హాలంతా వినిపించింది. అది పాటలో మాటే అనుకుని జనమంతా "నీ దుంప తెగ" అంటూ గెంతారు!

మన కుట్టుమిషన్ ఆ దెబ్బా ఆ తిట్టూ ఇన్నేళ్లుగా తింటోంది. అప్పుడప్పుడూ నేనూ తిన్నాను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అప్పుడు అర్థమైంది, ఆ దరువు కూడా మన మిషన్‌దేనని. కాలు గట్టిగా తొక్కితే టకటకా, దారం తెగితే ఠక్కుమని ఆగడం, మళ్లీ ఎక్కించి ధడధడా. నేను దాంతో బట్టలు కుట్టాను, నువ్వు పాటలు కట్టావు!

ఎక్కిన మెట్లు దిగిపోయి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. స్టేజీ వెనక్కి నీ దగ్గరికి రాలేదు. వస్తే ఏడ్చేసేవాణ్ణి, నీ గుట్టు పోయేది. బయట కరెంటు పెట్టెల బల్ల దగ్గర వైర్లు చుట్టుకుంటూ కనబడిన చిట్టి అంతా చెప్పింది. మోకాలికని వచ్చి, ఊసుపోక దాని పెట్టెల మీద చెయ్యి వేసి ఇక వదల్లేదట నువ్వు. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, నిలదొక్కుకున్నాకే చెబుదామన్నావట. నిజమే అనుకో.

మనిషిని ఎందుకు పోల్చలేదని దెప్పకు. పెళ్లైన కొత్తలో నీకు నేను కుట్టిన రవిక చూసి దిండుగలీబు అన్నావు. ఆ తర్వాత నీ బట్టలు నువ్వే కుట్టుకున్నావు. వీధి వీధంతటి కొలతలూ తెలిసిన చేతికి నీ కొలతలే తెలియవు!

కొత్త కోటు గుడ్డ కొన్నాను. కొలతలు పంపకు. టేపు మెళ్లో వేసుకుని నేనే వస్తున్నాను.

నీ వాడు

తా.క.: కచేరీ ఎలా జరిగిందని ఇస్త్రీ ఆయన అడిగాడు. "కాలర్ సరిగ్గా రుద్దు" అని వచ్చేశాను. ఇంట్లోకొచ్చి తలుపేసుకుని గోడకి చెప్పుకున్నాను.