కుక్క నాకిన పట్టాలు

గెరోల్డ్ నాన్నా,

నీ అమ్మ వాల్‌బుర్గా దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం పూర్తిగా చదివాక ఎంత క్షేమమో నీకే తెలుస్తుంది. జైల్లో దుప్పటి సరిపోతోందా? చితికిన వేళ్ళు చలికి ఇంకా సలుపుతున్నాయా? అక్కడ ఎవరితోనూ కలబడటం లేదు కదా?

నువ్వడిగినవాటికి జవాబు చెబుతాను. నా కాలి వాపు తగ్గింది. హార్జ్ కొండ మీద మంచు ఇంకా అక్కడక్కడా ఉన్నా, మన కాఫీ హోటల్ ఈస్టర్‌కే తెరిచాం. తోటలో బొమ్మ రైలు తిరగకపోతే జనం రారని కొత్త ఇంజన్లు కొన్నాం. ఎంచుకోవడానికి మీ తమ్ముడు లుడ్గర్ నన్ను కూడా తీసుకెళ్ళాడు.

"వాన పడితే? ఎండకు కరిగితే? పిల్లలు రాళ్ళేస్తే? ఆదివారం పొద్దుట నుంచి తిరిగి తిరిగి సగంలో ఆగిపోతే?" అని అడుగుతూనే ఉన్నాను. దుకాణం ముసలాయన తల పట్టుకుని, "అమ్మా, మీరు రైలు కొంటున్నారా, అల్లుణ్ణి వెతుకుతున్నారా?" అన్నాడు.

తర్వాత ఒక ఇంజన్ను తిరగేసి చూపించాడు. "పై రంగు చూసి మోసపోకండి. లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రాలుంటే రోజంతా తిప్పితే నెలలో అరిగిపోతాయి. ఇవి లోహానివి. బ్యాటరీ లోపలే ఉంది, పట్టాల నుంచి కరెంటు అక్కర్లేదు. ఒకే రకానివి రెండు తీసుకోండి. ఒకటి తిరుగుతుంటే ఇంకోటి చల్లారుతుంది."

పొట్టిగా, ఎర్రగా ఉన్నవి రెండు తెచ్చాం. నువ్వు చూస్తే సబ్బు పెట్టెలంటావు. కానీ ఈస్టర్ నాడు వానలో కూడా ఆగలేదు.

ఇక మూడో ప్రశ్న. లుడ్గర్ ఒప్పుకున్నాడా అని అడిగావు. "పట్టాలకు జిడ్డు రాసి నా రైలును ముంచింది వాడే. బయటికి రాగానే మిగిలిన కన్ను కూడా పొడిచేస్తాను" అని రాశావు. ఆ కాగితం పదకొండు రోజులుగా నా ఏప్రన్ జేబులో ఉంది. పెంతెకొస్తు పండుగకు ముందే నిన్ను వదులుతారట. తల్లిని, సంతోషించాలి. నేనేమో ఇంట్లో కత్తులు దాస్తున్నాను, కేకు కోసే కత్తితో సహా.

పోయిన మే నెలలో ఆ రోజు జరిగింది నేనేదీ మరిచిపోలేదు. నీ పెద్ద ఆవిరి ఇంజను వంతెన ఎత్తు ఎక్కలేక చక్రాలు గిరగిరా తిరిగి, ఆరు పెట్టెలతో వెనక్కి జారి, కొలనులో పడింది. జనం నవ్వారు. లుడ్గర్ నవ్వలేదు నాన్నా, నేను చూశాను. నువ్వు పట్టా మీద వేలు రాసి చూసుకున్నావు.

"నువ్వే కదరా! నీ బ్యాటరీ బొమ్మలు కొనిపించాలని!" అని తమ్ముడి మీద అరిచావు.

"కాదన్నా" అన్నాడు వాడు, ఒక్కసారి నా వైపు చూసి.

నువ్వు విడిగా పడున్న పట్టా ఎత్తి కొట్టావు. దవడ విరిగిన చప్పుడు అంత గోలలోనూ వినిపించింది. రెండో దెబ్బకు కన్ను పోయింది. వాడు పార తీసి నీ వేళ్ళు చితక్కొట్టాడు. బల్ల మీది కేకు నిండా రక్తం చిందితే, ఒక పసిపిల్ల చెర్రీ రసమనుకుని వేలు పెట్టబోయింది. నేను ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాను.

నాన్నా, జిడ్డు రాసింది నేను.

ఆ పొద్దున మబ్బు పట్టింది. వానకు రైలు ఆగిపోతే నలుగురిలో నీకు తల కొట్టేసినట్టవుతుందని భయపడ్డాను. మా నాన్న మంచు మీద లాగే బండి అడుగు కమ్ములకు పంది కొవ్వు రుద్దేవాడు, జర్రున పోయేది. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, చక్రానికి పట్టు కావాలని నాకేం తెలుసు? నీ రైలు సులువుగా ఎక్కాలని ఎత్తు దగ్గరే ఎక్కువ రుద్దాను. కోర్టులో అడిగితే నాకేమీ తెలియదన్నాను.

నిన్న లుడ్గర్‌కు చెప్పాను. వాడు ఇంజను తుడుస్తూ తల ఎత్తలేదు.

"తెలుసమ్మా. ఆ రోజు మన కుక్క వాల్డీ పట్టాలు నాకుతుంటే చూశాను. కుక్క ఊరికే ఇత్తడి నాకుతుందా? పంది కొవ్వు ఉండేది నీ వంటింట్లోనే కదా."

"మరి అప్పుడే చెప్పలేదేంరా?"

"అన్న చేతిలో పట్టా ఉంది కదమ్మా. నువ్వు పక్కనే నిలబడి ఉన్నావు."

నువ్వు బయటికొచ్చే రోజు గేటు దగ్గర నేనొక్కదాన్నే ఉంటాను. కొట్టాలనిపిస్తే నన్ను అక్కడే కొట్టు. ఇంటికి మాత్రం ఖాళీ చేతులతో రా.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ