అరవై లీటర్ల ట్యాంకు

జూన్ 14, శుక్రవారం మధ్యాహ్నం

ముద్దుల బామ్మర్దికి,

మీ బావ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, నా కోపం నాకన్నా క్షేమం. అక్కడ నువ్వు, మీ అక్క, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి, బావకి మతి పోయిందా అనుకుంటున్నావు కదూ? ఫోను పోలీసుల దగ్గరుంది. పాస్‌పోర్టూ అక్కడే ఉంది. కంగారుపడి మీ అక్క ముందు నోరు జారావంటే విమానమెక్కి వచ్చి మరీ నీ పళ్లు రాలగొడతాను. మా క్యాంపు వంటాయన ఫోనులో మాట్లాడదామంటే చుట్టూ పదిమంది చెవులు రిక్కించి కూర్చుంటారు. ఆయనే రేపు సాయంత్రం సెలవు మీద అటు బయల్దేరుతున్నాడు. ఇది ఆయన చేతికిస్తున్నాను.

నీకు ఈ ఊరి బంకులో ఉద్యోగం ఖాయమైందని, వచ్చే వారం మందుల షాపులో మానేస్తున్నావని మొన్న వంటాయన ఫోనులోనే మీ అక్క చెప్పింది. పదకొండేళ్లుగా పరాయి దేశంలో వ్యాను తోలుతున్నాడు, ఏ బంకువాడూ తనని మోసం చెయ్యలేదని గొప్పలు పోతాడుగా బావ, ఆ కిటుకులేవో రాయమను, ఎదుటివాళ్లు ఏం చూస్తారో తెలిస్తే నా జాగ్రత్తలో నేనుంటాను అన్నావట. బుద్ధిగా అడిగావు. విను.

బండి ఆగగానే దిగిపోవాలి. సీట్లో కూర్చుని కిటికీలోంచి చెయ్యి ఊపేవాణ్ణే బంకువాడు మేకపోతుని చూసినట్టు చూస్తాడు. దిగి, మీటరు ముందు నిలబడి, సున్నా చూడాలి. మన కన్నా ముందు ఎవడో పోయించుకున్న అంకె అలాగే ఉంచి, దాని మీదనుంచి మొదలుపెడతారు కొందరు. ఒకడు డీజిలు పోసే గన్ను పట్టుకుంటే రెండోవాడు అద్దం తుడుస్తానని వస్తాడు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని నవ్వుతూ అడుగుతాడు. నువ్వు అటు తిరిగావా, అయిపోయావే. హైవే మీద ఒకడు నాతో ఇలాగే వేషాలేశాడు. తలుపు అంచు పట్టుకుని కబుర్లు చెబుతుంటే, వాడి వేళ్లు అక్కడుండగానే తలుపు వేసేశాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అప్పట్నుంచి ఆ బంకులో నా అద్దం ఎవడూ తుడవలేదు.

ఇంకోడు పెద్ద నోటు తీసుకుని, మెరుపులాగా చేతిలో మార్చేసి, చిన్న నోటు చూపించి ఇదే ఇచ్చావన్నాడు. నోటు ఇచ్చేటప్పుడు ఎంతో పైకి చెప్పి ఇవ్వాలిరా, గుర్తుంచుకో. ఆ రోజు నేను చెప్పలేదు. అందుకని వాడి మణికట్టు వెనక్కి విరిచి పట్టాను, చొక్కా చేతిలోంచి నా నోటు జారిపడేదాకా. పడ్డాక కూడా కాసేపు వదల్లేదు.

అన్నిటికన్నా పెద్ద మోసం ఆ టక్కుమనే చప్పుడు. ట్యాంకు నిండిందని గన్ను దానంతటది ఆగిపోతుంది చూడు, అది నమ్మకూడదు. రెండు మూడు లీటర్లు మిగుల్చుకునే ఎత్తు అది. గొట్టం మూతి దాకా డీజిలు కనబడేట్టు పొయ్యమనాలి. ఇక నీ ట్యాంకు ఎంతదో కాగితం చూసి బట్టీ పట్టాలి. నాది అరవై లీటర్లు. మీటరు అరవై దాటిందా, ఇక మాటల్లేవు, కాలరు పట్టుకోవడమే. మా కంపెనీలో కొత్త డ్రైవర్లందరికీ ఈ సూత్రం నేర్పిన గురువుని నేనే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నీకొచ్చిన ఆ ఉద్యోగం ఖాళీ చేయించింది నేనే. తెలిస్తే నా కాళ్లకి దండం పెడతావు.

మే నెల మొదటి మంగళవారం. రోడ్డు మూసేసి చుట్టుదారిన పంపారు. డీజిలు అడుగంటిందని ఎర్రదీపం వెలిగి ఎంతసేపైందో, ఇంజను దగ్గుకుంటూ ఎప్పుడూ వెళ్లే బంకులోకి చేరింది. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడు పగలగొడుతోంది. పొద్దుట్నుంచి నా కడుపులో నీళ్లు తప్ప ఏమీ లేవు. అక్కడ పనిచేసేవాణ్ణి మేం టోపీవాడంటాం. ఏడాదిగా నాకు వాడే పోస్తాడు. పెదవి విప్పడు, అన్నీ సైగలే. సున్నా చూపించాడు, పోశాడు. నేను మూత బిగించి మీటరు చూశాను. అరవై ఆరున్నర.

కళ్లు ఎర్రబడ్డాయి బామ్మర్దీ. అరవై ట్యాంకులో అరవై ఆరున్నర! నన్ను, నన్నే! కాలరు పట్టి మీటరుకేసి తల కొట్టాను. టోపీ ఎగిరిపోయింది. కింద పడితే లేపి మళ్లీ కొట్టాను. ముక్కులోంచి రక్తం బొటబొటా కారి డీజిలు మరకల్లో కలిసింది. వరసలో ఉన్న డ్రైవర్లు దిగి చుట్టూ మూగారు. వెయ్యి గురువా, తోలు తియ్యి అని మావాళ్లే అరుస్తున్నారు. వాడు చేతులు అడ్డం పెట్టుకుని వాళ్ల భాషలో ఏదో ఏడ్చాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గన్ను లాక్కుని, దాని మూతితో మొహం మీద ఇచ్చాను. అంతటితో పడిపోయాడు. కుడికన్ను పోయిందని తరవాత ఆసుపత్రివాళ్లు చెప్పారు.

పోయిందంటే పోదూ మరి. దొంగతనం చేసినవాడికి ఏం పెట్టి పూజ చెయ్యాలి? బంకు మేనేజరు ఆసుపత్రి మంచం మీదే వాణ్ణి పనిలోంచి తీసేశాడు. దొంగని పట్టిచ్చావని నా చెయ్యి ఊపి, మీవాళ్లెవరైనా నమ్మకస్తులుంటే చెప్పమన్నాడు. నీ పేరు చెప్పాను. అలా వచ్చింది నీ అదృష్టం.

కేసు మాత్రం ఇంకా నడుస్తోంది. కంపెనీ పూచీ మీద బయట ఉన్నాను. రేపు పొద్దున పోలీసు అధికారి ముందే మా మెకానిక్కు ఆ వ్యాను ట్యాంకు ఖాళీ చేసి, కొలత క్యానుతో మళ్లీ నింపుతాడు. అరవై దగ్గర ఆగితే వాడు దొంగ, నేను కాస్త జుర్మానాతో బయటపడతాను. ఆగకపోతే జైలే. ఆగుతుందిలే. ఈ మధ్య నిద్ర సరిగా పట్టడం లేదంతే. వేడికి అయుండాలి.

నువ్వొచ్చాక ఇద్దరం ఒక గదిలో ఉందాం. నీ వంట నువ్వే చేసుకోవాలి, ఇప్పుడే చెబుతున్నా.

ఇట్లు,
నీ మేలు కోరే,
పళ్లు రాలగొట్టే మీ బావ

తా.క. శనివారం, మధ్యాహ్నం రెండు గంటలు.

కొలిచారు. మూడు క్యాన్లు పోస్తే అరవై. అప్పుడు మెకానిక్కు నా మొహం చూసి, నువ్వెప్పుడూ ఎలా పోయిస్తావు గురువా అన్నాడు. గొట్టం మూతి దాకా అన్నాను. అలాగే పోశాడు. మరో ఆరున్నర లీటర్లు పట్టింది, ఇంకొంచెం చోటు మిగిలింది. కాగితం మీది అరవై ఆ టక్కుమనే చప్పుడు దాకా వేసిన లెక్కట. పైన గాలికి వదిలిన జాగా ఉంటుందట. ఇన్నేళ్లూ ట్యాంకు ఎండనివ్వకుండా పోయించుకున్నాను కాబట్టి మీటరు ఎప్పుడూ అరవై దాటలేదు. అతను ఒక్క చుక్క కూడా దొంగిలించలేదు.

అధికారి మంచివాడే. పొరపాటు పడ్డావు, పైగా అతనేం చెబుతున్నాడో నీకు భాష తెలియక అర్థం కాలేదు కదా, ఆ ముక్క రాసి సంతకం పెడితే శిక్ష తేలికవుతుంది అన్నాడు. నాలుగింటికి వెళ్లి పెట్టాలి.

పెట్టనురా. నీకు పైన అబద్ధం రాశాను. పోలీసులకీ అదే చెప్పాను. అతను ఏడ్చింది మన భాషలో. ఏడాదిగా నోరు విప్పని మనిషి దెబ్బలు పడ్డాక మన భాషలో అరిచాడు. కొట్టకన్నా, యాభై తొమ్మిదికే ఆగిందన్నా, ఇంకా పొయ్యమని నువ్వే సైగ చేశావన్నా అన్నాడు. ప్రతి మాటా విన్నాను. నేనే పొయ్యమన్నానని గుర్తొచ్చింది కూడా. కానీ చుట్టూ మావాళ్లు గురువా గురువా అంటున్నారు. వాళ్ల ముందు తప్పు నాదని ఎలా ఒప్పుకోను? అతని నోరు మూయించడానికి గన్ను లాక్కున్నాను. కన్ను పోయింది ఆ దెబ్బకే.

ఇదే నాలుగింటికి అక్కడ రాసిస్తాను. ఎన్నేళ్లు వేస్తారో తెలియదు. మీ అక్కకి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు, ఇది యథాతథంగా చదివి వినిపించు. నువ్వు షాపులో మానెయ్యకు. మానేసుంటే ఆ ఓనరు కాళ్లు పట్టుకునైనా మళ్లీ చేరు. ఈ ఉద్యోగం అతనిది. ఒంటికన్నుతో మళ్లీ చెయ్యగలడో లేదో అడగడానికి ఆసుపత్రి దాకా వెళ్లాను. తలుపు దగ్గర నా గొంతు వినగానే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.