గొట్టం కొనను దొర్లించి చూశాను

తిరుపతి

నాయనా,

మీ సుగుణ దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను కులాసాగా ఉన్నాను. మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? అమ్మ మాత్రలు వేళకు వేసుకుంటోందా? హాస్టల్లో చారు నీళ్ళలా ఉన్నా కడుపు నిండా తింటున్నాను, దిగులు పడొద్దు. ఎండ మాత్రం మన నగరి కంటే ఎక్కువే. సాయంత్రాలు మగ్గాల చప్పుడు వినపడక ఏదోలా ఉంటుంది. అది తప్ప బాగున్నాను.

మా ఆసుపత్రి లేబులో జరిగిన సంగతి మామ మీకు ఇంకోలా చెప్పాడట. అందుకే నేనే రాస్తున్నాను.

ఏర్పేడు దగ్గర పల్లె నుంచి ఒక వేరుశనగ రైతును పేగు పగిలితే తీసుకొచ్చారు. ఆపరేషన్ చేసి, మెడ దిగువన అడ్డంగా ఉండే ఎముక కింద పెద్ద నరంలోకి సన్నని గొట్టం పెట్టి సెలైన్ ఎక్కించారు. కొన్నాళ్ళకు చలిజ్వరం పట్టుకుంది. గొట్టం వల్లనేమోనని సర్జన్ దాన్ని తీయించి, కొన కత్తిరించి మా లేబుకు పంపారు.

ఆ కొనను క్రిములకు తిండిగా ఉండే ద్రవంలో వేయడం మా దగ్గర అలవాటు. ద్రవం కలకబారితే క్రిములున్నట్టు. కానీ గొట్టం తీసేటప్పుడు చర్మం మీది క్రిమి ఒక్కటి అంటుకున్నా అదే పెరిగి కలకబారుస్తుంది. ఒకటో వేలో తేలదు. విదేశీ పత్రికలో ఇంకో పద్ధతి చదివాను. కొనను రక్తం కలిపిన జెల్లీ ప్లేటు మీద అటూ ఇటూ దొర్లించాలి. గొట్టం మీద క్రిములు నిజంగా కాపురం పెట్టి ఉంటే మరునాటికి ప్లేటంతా చుక్కలు లేస్తాయి. చర్మం అంటు అయితే ఒకటో రెండో. నేను ముందు దొర్లించి, తర్వాతే ద్రవంలో వేశాను.

మరునాడు ద్రవం కలకబారింది. మా లేబు పెద్ద డాక్టరు ‘గొట్టంలో క్రిములు’ అని రిపోర్టు రాశారు. నేరం, గొట్టం చుట్టూ కట్టు మార్చే నర్సు కమలమ్మ మీద పడింది. శుభ్రత లేదు, ఉద్యోగం తీసేయమన్నారు. ఆమె వార్డు మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

"సబ్బుతో సేతులు కడక్కుండా ఆ కట్టు యెప్పుడూ ముట్టలేదమ్మే! ఇద్దురు బిడ్డల్ని పెట్టుకుని యాడికి పోయేది నేను?"

నా ప్లేటు చూశాను. రెండే చుక్కలు. రోగి రక్తాన్ని విడిగా పరీక్షిస్తే అందులో పెరిగిన క్రిమి వేరే, పేగుల్లో ఉండే రకం. ప్లేటు తీసుకుని సర్జన్ గదికి వెళ్ళాను. పెద్ద డాక్టరూ అక్కడే ఉన్నారు.

"ఎవురు చెయ్యమనింది నిన్ను?" అన్నారు పెద్ద డాక్టరు.

"ఎవురూ చెప్పలేదు సార్. నేనే చేసినాను. జరం గొట్టం నుంచి కాదు, కడుపులో నుంచి వస్తా ఉండాది."

"అనుమతి లేకుండా ఇంకోతూరి చేస్తే ఇంటికి పోతావు."

"అట్లయితే ప్రతిసారీ అనుమతి అడుగుతాను సార్. మానేది మాత్రం లేదు."

సర్జన్ ప్లేటును వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. ఆ రోజే మళ్ళీ కడుపు తెరిచారు. లోపల చీము గడ్డ ఉంది. అది తీశాక జ్వరం దిగింది. మొన్న ఆ రైతు లేచి కూర్చుని రాగిజావ తాగాడు. కమలమ్మ ఉద్యోగం నిలిచింది. నన్ను మాత్రం మూత్ర పరీక్షల బల్ల దగ్గరికి మార్చారు. అయినా గొట్టం కొన వచ్చినప్పుడల్లా వెళ్ళి అడుగుతున్నాను. పెద్ద డాక్టరు మొహం చిట్లించి "కానీ" అంటున్నారు.

చీమూ నెత్తురూ ముట్టే పని, పైగా పెద్దలకు ఎదురు చెప్పడం, అవన్నీ మానేసి వచ్చి బడిలో పంతులమ్మగా చేరమన్నారు మీరు. నేను రాను నాయనా. కోపం తీరేదాకా తిట్టండి, పడతాను. కానీ ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే కమలమ్మ రోడ్డున పడేది, ఆ రైతు బతికేవాడు కాదు. అలాంటి మర్యాద నాకు చేతకాదు.

వీలైతే రెండు నేత తువ్వాళ్ళు, చింతకాయ పచ్చడి పంపండి. అవ్వకు, అక్కాబావలకు నా నమస్కారాలు చెప్పండి. మీరూ అమ్మా నన్ను దీవించండి. అణిగి ఉండమని కాదు, నిలబడమని దీవించండి.

మీ బిడ్డ,
సుగుణ