కాపలా మార్చే మనిషి

పింఛన్ల ఆఫీసు మూడో కిటికీ గుమాస్తా గారికి,

నమస్కారం. ఇంతకంటే మర్యాద నా దగ్గర లేదు. ఉన్నదంతా మీ క్యూలో అయిపోయింది.

మా నాన్న సైన్యంలో చేసి వచ్చాడు. ఒంటి మీద గాయం లేదు, దెబ్బ మనసుకు తగిలింది. దానికి పింఛను ఇస్తారంటే దరఖాస్తు పెట్టాం. మీ డాక్టరు కూర్చోమన్నాడు. నాన్న కూర్చోలేదు. దానికి ఆయన "పెద్దల ముందు వినయంగా నిలబడతాడు, జబ్బేమీ లేదు" అని రాసి పంపించేశాడు. అయ్యా, ఇంటికొచ్చిన నాటి నుంచీ మా నాన్న కూర్చోవడమే లేదు. వీధి తలుపు వెనక, నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడే తింటాడు, గోడకు ఆనుకుని నిలబడే కునుకు తీస్తాడు. కాళ్ళు బోదకాళ్ళలా వాచిపోయాయి. నేను వెల్డింగు షాపులో పనిచేస్తాను. ఆయన వైద్యానికి నా కూలి చాలదు. ఇంకోసారి చూడండి. ఈసారి కళ్ళు తెరిచి.

ఇట్లు,
కోపంతో,
ఆయన కూతురు

తా.క.: మా ఇంటి ఓనరు వచ్చి "వాచ్‌మన్ ఉన్న ఇల్లు కదమ్మా" అని అద్దె పెంచుతానన్నాడు. నాన్న జబ్బు ఆయనకు సౌకర్యంలా కనబడింది, మీకు వినయంలా కనబడింది. జబ్బులా కనబడింది నా ఒక్కదానికే.

*

అమ్మా,

మీ లేఖ అందినది. భాష కటువుగా ఉన్నను ఫైలులో చేర్చితిమి. మనసు జబ్బు కంటికి కనబడదు గనుక, అది డ్యూటీలోనే వచ్చినదని కలిసి పనిచేసిన సైనికుడొకరు సంతకము చేయవలెను. ఇది కష్టమేమీ కాదు. పరీక్ష రోజున మీ నాన్నగారి వెనుక నిలబడిన పొడుగాటి ఆయన చేసినను చాలును.

ఇట్లు,
విధేయుడు,
మూడో కిటికీ గుమాస్తా

తా.క.: ఈసారి ఆ పొడుగాటి ఆయనను బూట్లు తుడుచుకొని రమ్మనవలెను. వాటి నుండి కారిన నీళ్ళు ఎంత తుడిచినను ఆరుట లేదని మా ఊడ్చే ఆమె నన్ను తిట్టుచున్నది.

*

గుమాస్తా గారికి,

ఆ రోజు వచ్చింది నేనూ నాన్నే. పొడుగాటి ఆయనా లేడు, పొట్టి ఆయనా లేడు. ఎవరి ఫైలు చూసి ఎవరికి రాస్తున్నారు?

అసలు సంగతి వినండి. కొండ మీద మంచులో నాన్న కాపలా. అక్కడ ఒకటే పద్ధతి. కింద నుంచి మార్చే మనిషి వచ్చి, వచ్చానని నోటితో చెబితేనే నిలబడ్డవాడు కదలాలి. నాన్నను మార్చే ఆయన్ను అందరూ నిచ్చెన అనేవారట, అంత ఎత్తు మనిషి. ఒకరోజు మంచు తుఫానులో నిచ్చెన కింద నుంచి బయలుదేరాడు. పైకి రాలేదు, కిందికీ పోలేదు. చివరికి వేరేవాళ్ళు ఎక్కి వచ్చి నాన్నను మోసుకు దించారు. వచ్చానన్న మాట మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంకా కాపలాలోనే ఉన్నాడు. నేను ఎంత అరిచినా "దారిలో ఉన్నాడమ్మా, వచ్చేస్తాడు" అంటాడు, అంతే.

సాక్షి కావాలంటే ఆ మంచును అడగండి.

ఇట్లు,
మరింత కోపంతో,
కూతురు

తా.క.: కవరు అంటించబోతూ ఆగాను. "పొడుగాటి ఆయన" అని మీరే రాశారు. ఏదో నోటికొచ్చింది రాశారని అనుకుంటున్నాను. దయచేసి అలాగే అనుకోనివ్వండి.

*

అమ్మా,

మీ నాన్నగారి దళము వివరములు తెప్పించి, నిచ్చెన గారెవరో తెలుసుకొంటిమి. ఆయన మరణించినట్టు ఎక్కడా లేదు. శవము దొరకనందున "పారిపోయినవాడు" అని ఉన్నది. కావున ఏ సాయమూ రాదని వారి తల్లికి మా ఆఫీసు నుండే వ్రాసినారు. పారిపోయినవాని సంతకము చెల్లదు. స్వయముగా హాజరై, పారిపోలేదని నిరూపించుకొన్నచో చెల్లును.

మరొక విషయము. సాక్షి లేడనుచునే ఆ పొడుగాటి ఆయనను రోజూ మా వరండాలోకి పంపుచున్నారు. టోకెను తీసుకొనడు. ఇంత ఎండలో ఉన్ని కోటు. నా కిటికీ వద్దకు వచ్చి ఒకటే అడుగుచున్నాడు: "వాడింకా నిలబడే ఉన్నాడా?" ఫైలు నడుచుచున్నదని చెప్పితిని.

ఇట్లు,
విధేయుడు,
మూడో కిటికీ గుమాస్తా

తా.క.: ఆయన వచ్చినప్పుడు నా కిటికీ అద్దమునకు లోపలివైపున మంచు పట్టుచున్నది. తోటి గుమాస్తాలు మధ్యాహ్నము కాగానే కుర్చీలు నా పక్కకు జరుపుకొనుచున్నారు.

*

గుమాస్తా గారూ,

పేదవాళ్ళతో ఆటలాడితే, మీ గది తలుపుకు వెల్డింగు అతుకు వేసి పోతాను. పింఛను వచ్చేదాకా లోపలే ఉందురు గాని.

మీ ఉత్తరం చింపబోతే నాన్న నా చేతిలోంచి లాక్కుని చదివాడు. "పారిపోయినవాడు" అన్నచోట వేలు పెట్టి, తీయడం మరిచిపోయాడు. ఆ సంగతి ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. తర్వాత మెల్లగా అన్నాడు:

"డ్యూటీకి వచ్చి నాతో ఏమనేవాడో వాణ్ణే అడగమను. అది మా ఇద్దరికే తెలుసు."

నాకు కూడా చెప్పలేదు. అడిగి రాయండి. రాయలేకపోతే క్షమాపణ రాయండి.

ఇట్లు,
కూతురు

తా.క.: నాన్న బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఎవరొస్తున్నారని అడగడానికి నోరు రాలేదు. నిప్పుతో పనిచేసేదాన్ని, నేనిలా భయపడుతూ రాస్తున్నాను చూడండి.

*

అమ్మా,

అడిగాను. ఆయన నవ్వాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

"జరగరా గాడిదా, చోటు వెచ్చగా ఉంచావా, అంటాను" అన్నాడు. తర్వాత, "దారి తప్పాను బాబూ. పైకి చేరేసరికి వాడు లేడు. వాడి ఇల్లెక్కడ?" అన్నాడు.

దరఖాస్తుదారుల అడ్రసు ఎవరికీ ఇవ్వకూడదు. నా సర్వీసులో నేను ఒక్క రూలూ తప్పలేదు. కానీ ఇంటి విచారణకు సాక్షిని వెంటబెట్టుకు రావచ్చని ఇంకో రూలు ఉంది. వెతికి పట్టుకున్నాను. సోమవారం తీసుకొస్తాను.

ఇట్లు,
మూడో కిటికీ

తా.క.: అక్షరాలు వంకరపోయాయి, మన్నించండి. చలి వల్ల. భయం వల్ల కాదు.

*

గుమాస్తా గారికి,

నమస్కారం. ఈసారిది మనసులోంచి.

సోమవారం మీరు బస్సు దిగి ఒక్కరే నడిచొచ్చారు. నేను చూస్తూనే ఉన్నాను. గుమ్మం దగ్గర మాత్రం పక్కకు తప్పుకుని ఎవరికో దారిచ్చారు. నాన్న "ఎవరక్కడ" అన్నాడు. మీరు నోరు విప్పలేదు, ఒట్టు. నాన్న మొహం విచ్చుకుంది. "వెచ్చగానే ఉంచానురా" అన్నాడు. జరిగాడు. నడిచి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. అమ్మ పోయిన రోజున కూడా కూర్చోని మనిషి.

మీరు కళ్ళు తుడుచుకున్న సంగతి నేనెవరికీ చెప్పను.

పడుకున్న మనిషి ఎంతకీ లేవకపోతే, పోయాడేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. గురక పెట్టి నా వేలు తోసేశాడు.

అలాగని "నయమైంది" అని రాసి పింఛను ఎగ్గొట్టకండి. ఇక నిలబడే పని లేదు కదా నాన్నా అని అడిగాను. నాకేమీ తెలియదన్నట్టు చూశాడు. "వాడి డ్యూటీ అయ్యాక మళ్ళీ నాదే కదమ్మా" అన్నాడు.

నీళ్ళ డ్రమ్ములో పైన మంచు పేరుకుంటోంది. షాపుకు పోతూ తలుపు దగ్గర "జరుగు నిచ్చెన బాబాయ్" అంటున్నాను, అలవాటైపోయింది. జరుగుతున్నాడు. కాబట్టి మీ ఫైలులో "కాపలా మారింది" అని మాత్రం రాయండి.

ఇట్లు,
ఆయన కూతురు

తా.క.: ఇంకో ఫారం పంపండి. బాబాయ్ వాళ్ళమ్మ బతికే ఉందట. ఏ ఊరో తలుపు వెనక నుంచి చెప్పాడు. కొడుకు పారిపోయాడని ఆమెకు రాసింది మీ ఆఫీసే, కాదని రాయాల్సిందీ మీ ఆఫీసే. డ్యూటీకి ఆలస్యంగా వచ్చాడు, అంతే. సాక్షి కావాలంటారు కదా, మా నాన్న ఉన్నాడు. కూర్చుని సంతకం పెడతాడు.