లెఫ్టినెంట్ ట్రీపో గారి తుఫాను

పెరాస్త్, 4 మే 1871

నా బంగారు కొడుకు ట్రీపోకు, మరియమాత నిన్ను చల్లగా చూడాలని కోరుతూ అమ్మ రాస్తున్నది.

కోర్ఫూ దగ్గర తుఫానులో చిక్కుకున్న ఓడను నువ్వే ఒడ్డుకు చేర్చావని నీ ఉత్తరంలో చదివాను. నిన్ను కాపాడినందుకు దీవిలో మన మరియమాత గుడికి మొక్కుబడి బొమ్మ వేయిస్తున్నాను. తెరచాప కొయ్యలు ఎన్ని విరిగాయో, నువ్వెక్కడ నిలబడ్డావో చిత్రకారుడు జానె అడుగుతున్నాడు. వెంటనే రాయి.

నీ అమ్మ, మారె

తా.క. మరియమాతను మబ్బులో కుడివైపుకు జరపమన్నాను. ఎడమవైపు నీ మీసం పట్టాలి.

పూలా నౌకాస్థావరం, 19 మే

అమ్మకు వెయ్యి దండాలు.

బొమ్మ ఎందుకమ్మా? గాలి కాస్త గట్టిగా వీచింది, అంతే. కొయ్య ఒక్కటీ విరగలేదు. జానెకు వేరే పని చెప్పు.

నీ ట్రీపో

తా.క. వేయక తప్పదంటే ఎడమవైపు కూడా మబ్బే వేయమను.

పెరాస్త్, 2 జూన్

వినయశీలుడైన నా కొడుక్కి,

ముప్పై ఏళ్లు ఓడలు నడిపిన మీ నాన్నకు కూడా ఇంత అణకువ ఉండేది కాదు! కొయ్య ఒక్కటీ విరగలేదట అని చెబితే, "అయితే మూడూ విరిగాయన్నమాట. మొనగాళ్లంతా ఇలాగే రాస్తారు తల్లీ" అన్నాడు జానె. బొమ్మలో మూడూ విరగ్గొట్టేశాడు. ఏటా జూలై పండగకి దీవి చుట్టూ రాళ్లు వేయడానికి పడవలు వరసగా కట్టుకుని వెళతారుగా, ఈసారి ముందు పడవలో నువ్వే యూనిఫారంతో నిలబడాలని ఊరి పెద్దలు తీర్మానించారు. సెలవు పెట్టు.

గర్వంతో, అమ్మ

తా.క. బొమ్మలో మునిగిపోతున్న నావికుడొకడు నీ కాళ్లు పట్టుకుని ఉన్నాడు. వాణ్ణి జానె ఊరికే వేసిచ్చాడు.

పూలా, 15 జూన్

అమ్మా, కూర్చుని చదువు.

నేను పడవలో నిలబడలేను. చివరిసారి ఓడెక్కి పన్నెండేళ్లయింది. ఆ మొదటి ప్రయాణంలోనే, రేవు దాటకముందే కెప్టెన్ గారి బూట్ల మీద కక్కుకున్నాను. ఆయన నన్ను తీసుకెళ్లి ఒడ్డున పటాల గదిలో కూర్చోబెట్టారు. సముద్రంలో లోతెంతో, రాళ్లెక్కడున్నాయో గీస్తాను. లెఫ్టినెంటునైంది అందుకే. కోర్ఫూ తుఫానంటావా, అది పటం మీద ఒలికిన సిరా.

మన ఊళ్లో సముద్రం మీదికి పోని మగాడు లేడు. నాన్నా, అన్నయ్యా సముద్రంలోనే పోయారు. వాళ్ల పేరు చెడగొట్టాను. నీ ముఖం చూడాలంటే సిగ్గుగా ఉంది. ఇక ఇంటికి రాను.

ట్రీపో

తా.క. నా కాళ్లు పట్టుకున్నవాణ్ణి ఇంకెవరికైనా అప్పగించమను. నన్ను నమ్ముకుంటే మునుగుతాడు.

పెరాస్త్, 5 జూలై

ఒరేయ్ పిచ్చి నాన్నా,

ఏడ్చాను, నవ్వాను, మళ్లీ ఏడ్చాను. నువ్వు నౌకాదళానికి బయల్దేరిన రోజున ఎవరికీ చెప్పకుండా దీవికి వెళ్లాను. "తల్లీ, ఇద్దర్ని తీసుకున్నావు. వీణ్ణి ఆపబోతే వినడు, ఊరూ నవ్వుతుంది. వీడి కడుపులోనే ఏదో ఒకటి చెయ్యి, సముద్రం సయించకుండా చెయ్యి" అని మొక్కుకున్నాను. నువ్వేమో పన్నెండేళ్లు తుఫానుల మీద తుఫానులు రాశావు. నా మాట ఆమె చెవిన పడలేదనుకున్నాను. రేవు దాటకముందే విన్నదట్రా!

జానె బొమ్మ మార్చాడు. బల్ల, పటాలు, నువ్వు, పక్కన బకెట్టు, పైన మబ్బులో మరియమాత. నిన్ననే గుడిలో పెట్టించాను. నువ్వు ఓడెక్కకుండా కొండదారిన బండి కట్టించుకుని రా. నెల పట్టినా సరే, నీ ముఖం నేను చూడాలి.

ఎదురుచూస్తూ, అమ్మ

తా.క. బొమ్మ చూసి మగాళ్లంతా పగలబడి నవ్వారు. ఆడవాళ్లు నవ్వలేదు. పొద్దుటి నుంచి ఒక్కొక్కరే మొగుళ్లకు చెప్పకుండా వచ్చి, దాని కింద కొవ్వొత్తి వెలిగించి, తమ కొడుకుల పేర్లు చెప్పుకుని పోతున్నారు.