నాయన ఫోనులో నీ మొహం

ఏబెల్,

నాయనను ఒంటరిగా పడవ ఎక్కించావు. నువ్వు చేసిన తప్పు ఇది. ఆ వీడియో సంగతికి తర్వాత వస్తాను. ముందు ఇది రాయకపోతే నా చెయ్యి సాగదు. పంతొమ్మిది రోజులుగా అరవై ఏళ్ల మనిషి బురదలో నువ్వు వేసే గెడ గుచ్చి, దానికి పడవ కట్టేసి, ఒక్కడే వల లాగుతున్నాడు. పడవ తిరిగిపోతుంది, వల మెలి పడుతుంది. ఎవరినైనా తోడు తీసుకోమని చెప్పాను. "గెడ వానిది మే. వాడొచ్చేదాకా ఎవురికీ ఈను" అన్నాడు.

మేమంతా క్షేమం అని రాయడం లేదు. అబద్ధమవుతుంది.

నీ ఉత్తరం గురువారం అందింది. ఫోను నీళ్లలో విసిరేసి చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో దాక్కున్నవాడికి, ఉత్తరం రాయాలని తోచినందుకు సంతోషం. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. ప్రార్థనలో మోకరించలేక కుర్చీలో కూర్చుంటోంది. నీ పేరు వచ్చేసరికి మాత్రం కిందికి దిగుతుంది, తర్వాత ఇద్దరం పట్టి లేపాలి. సరస్సులో నీళ్లు ఎంత ఉన్నాయని అడిగావు. బాగా తగ్గాయి. పడవ తేలే చోటు దూరమైంది, అంతదూరమూ నాయనే గెడ వేసుకుంటూ పోవాలి.

పక్కింటి అక్కమ్మకు నువ్వు మామిడికాయల పనికి పోయావని అమ్మ చెప్పింది. "చెప్పకుండా పొయ్యేదేంది మే? మామిడికాయలు పారిపోతాయా?" అంది అక్కమ్మ. అమ్మ నవ్వింది. లోపలికొచ్చి ఏడ్చింది.

మూడో ప్రశ్న కాగితం అడుగున చిన్న అక్షరాలతో రాశావు. ఎవరికైనా ఏమైనా వచ్చిందా అని. దానికీ జవాబిస్తాను, ఆగు.

జరిగింది ఇది. అమ్మాయి పేరుతో ఎవరో వీడియో కాల్ చేశారు. నువ్వు నమ్మి గుడ్డలు విప్పావు. వాళ్లు రికార్డు చేసుకుని, నీకు తెలిసినవాళ్లందరికీ పంపుతామన్నారు. నువ్వు రెండుసార్లు డబ్బు పంపావు, మూడోసారికి లేక పారిపోయావు. ఇరవై నాలుగేళ్లవాడివి, తెలివి తక్కువ పని చేశావు. వాళ్లు చేసింది నేరం. ఈ రెండూ ఒకటి కావు. నీకు ఆ తేడా తెలియకుండా చేయడమే వాళ్ల పని.

"నేను లేకుండా పోతే వాళ్లే ఆపేస్తారు" అని రాశావు. ఆ మాట మూడుసార్లు చదివాను. ఇంకోసారి చదివే ఓపిక నాకు లేదు. అలాంటి మాట మళ్లీ మనసులోకి వస్తే పక్కన పడుకున్నవాణ్ని నిద్ర లేపి చెప్పు. వాడెవడో నాకు తెలియకపోయినా సరే, లేపు.

నాదీ ఒక తప్పుంది. నువ్వు వెళ్లే ముందు రోజు మా కంపెనీ బస్సు దగ్గరికొచ్చి "అక్కా, ఒక మాట" అన్నావు. "షిఫ్టుకు టైమయింది. దుడ్లయితే నా దగ్గర లేవు, పో" అన్నాను. బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను, నువ్వు అక్కడే నిలబడి ఉన్నావు. నేను దిగలేదు. నా పని తెలుసు కదా, కొత్త ఫోన్ల ముందు కెమెరా పరీక్షించడం. రోజంతా వందల తెరల్లో నా మొహమే చూడాలి. మనిద్దరివీ ఒకే కళ్లని అమ్మ అనేది. ఆ రోజు నుంచి ప్రతి తెరలోంచీ నువ్వే చూస్తున్నావు. సూపర్‌వైజర్ లోకేశ్వరి "ఏంది రూతూ, అద్దంలో మాదిరి చూసుకుంటా ఉండావు" అని తిట్టింది.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. వచ్చింది. నువ్వు వెళ్లిన మర్నాడే నాయన ఫోనుకు ఆ వీడియోలోంచి తీసిన ఫొటో, కింద డబ్బు కోసం బెదిరింపు వచ్చాయి. "ఏందో వచ్చింది, సూడు మే" అని ఫోను నా చేతికిచ్చాడు. కింది సగానికి బొటనవేలు అడ్డం పెట్టి, తుడిపెయ్యబోయాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ. ఎంత చిక్కిపోయినాడో సూడు."

"నాయనా, ఇది మంచి ఫొటో కాదు."

"నేను ముందే సూసినా. ఆ ఒళ్లు నేను నీళ్లు పోసిందే కదా మే, దాన్ని సూసి నేను భయపడాల్నా?"

ఆ ఫోనులో నీ మొహం ఇంకెక్కడా లేదు ఏబెల్. నాయన దగ్గర నీది ఇంకో ఫొటో లేదు.

ఆ మర్నాడు టిఫిన్ విరామంలో సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాను. డబ్బు పంపొద్దు, జవాబివ్వొద్దు, ఏదీ తుడిపెయ్యొద్దు అన్నారు. నీ ఫోను నీళ్లలో ఉంది. మిగిలిన సాక్ష్యం నాయన దాచుకున్నదే, దాని పైన వాళ్ల నంబరుంది. ఫిర్యాదు నాలుగు పేజీలు రాసి పెట్టాను. అది నీ నోటితో చెప్పాలి, సంతకం నీది కావాలి. వాళ్లు దొరుకుతారో లేదో నాకు తెలియదు. ఇంకొందరికి పంపుతామని మళ్లీ మెసేజి పెట్టారు. పంపవచ్చు. ఊరు నాలుగు రోజులు చెప్పుకుంటుంది, అక్కమ్మ ఆరు రోజులు చెప్పుకుంటుంది. ఏడో రోజు నువ్వు పడవ మీద ఉంటావు.

నాయన నంబరు నీకు గుర్తుండదు, కవరు వెనక రాశాను. ఎవరి ఫోనైనా అడిగి ఆదివారం సాయంత్రం ఏడు లోపల చెయ్యి. నాకు వద్దు, నాయనకు చెయ్యి. "వస్తున్నా" అను, చాలు. ఫోను మోగకపోతే సోమవారం మేమిద్దరం గూడూరులో బండి మారి చిత్తూరు వస్తాం, మీ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడతాం. గెడ కూడా తెస్తానంటున్నాడు నాయన. రైల్లో పట్టదని చెప్పినా వినడం లేదు.

ఆదివారం, ఏడు గంటలు.

ఇట్లు,
బస్సు దిగని నీ అక్క
రూతు